చైను చెబుతుంది, బెల్టు చెప్పదు

ఖరగ్‌పూర్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల, ఖరీదా బజారు వైపు, ఒక గ్యారేజీ ఉంది. బోర్డు లేదు. రెండు కార్లు పెడితే మూడోది రోడ్డు మీద ఉండాల్సిందే. అక్కడి మెకానిక్కి మా నాన్న వరసకి మావయ్య, అందుకని నేను బావని. ఇంజనులో ఏదో మోతొస్తోందని ఎవరు బండి తెచ్చినా అతను ముందు పానా పట్టుకోడు. ఇంజను స్టార్ట్ చేయించి, మూరెడు పొడుగున్న స్క్రూడ్రైవరు తీసి, మొనని ఇంజను పక్కనున్న టైమింగ్ కవరుకి ఆనించి, కర్రపిడిని చెవి ముందున్న ఎముకకి నొక్కిపెట్టి కళ్ళు మూసుకుంటాడు. లోపలి మోత కడ్డీ గుండా తిన్నగా ఎముకలోకి దిగుతుంది. రోడ్డు గోల, సైలెన్సరు చప్పుడు, ఫ్యాను హోరు పక్కకి తప్పుకుంటాయి. అర నిమిషం వింటాడు. మొన అంగుళం కిందకి జరుపుతాడు. మళ్ళీ అర నిమిషం.

మొన్న చలికాలం నా కారుని అలాగే విన్నాడు. పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే నాలుగైదు క్షణాలు గరగరమని, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు సద్దుమణిగిపోతోంది.

"చైనే బావా. టెన్షనరు నిలబట్టలేకపోతంది. ఇప్పుడప్పుడే ఏటీ కాదు గానీ, సంక్రాంతి దాటనీకు," అన్నాడు.

స్టూలు మీద కూర్చున్న నాన్న తలూపి, "చెప్పే జబ్బు మంచి జబ్బే," అన్నాడు. నాన్న డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆ మాట ఆయన ఊరికే అనలేదని నాకు తెలుసు. దానికి నాలుగేళ్ళ ముందు, చెప్పని జబ్బు ఒకటి మా ఇద్దరినీ అర్ధరాత్రి హైవే మీద నిలబెట్టింది. ఆ కథకి తర్వాత వస్తాను.

ముందు ఆ కవరు వెనక ఏముందో చూద్దాం. కారు ఇంజనులో పిస్టన్లు కిందకీ మీదకీ కొట్టుకుంటూ క్రాంక్‌షాఫ్టుని తిప్పుతాయి. వాటి నెత్తిన వాల్వులుంటాయి. కొన్ని గాలిని లోపలికి రానిస్తాయి, కొన్ని పొగని బయటికి పోనిస్తాయి. వాటిని తెరిచేది క్యామ్‌షాఫ్టు. అది గుడ్డు ఆకారపు బొడిపెలున్న ఇనుప కడ్డీ. బొడిపె వచ్చి తగిలినప్పుడు వాల్వు తెరుచుకుంటుంది, దాటిపోగానే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. పీల్చడం, నొక్కడం, పేలడం, వదలడం అనే నాలుగు పనులూ అయ్యేసరికి క్రాంక్ రెండు చుట్లు తిరుగుతుంది. క్యామ్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. రెండు కడ్డీల మధ్య ఈ లెక్కని కాపాడే లంకెనే మన మెకానిక్కులు టైమింగ్ అంటారు.

ఆ లంకె ఎంత నిక్కచ్చిగా ఉండాలో ఒక్క లెక్క చూస్తే తెలుస్తుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకుందాం. మామూలు హైవే వేగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. క్రాంక్ క్షణానికి 50 చుట్లు, క్యామ్ 25 చుట్లు. అంటే ఒక్కో వాల్వు క్షణానికి 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. తెరుచుకున్న ప్రతిసారీ దానికి దొరికే సమయం క్షణంలో డెబ్బై అయిదో వంతు. ఆ కాస్తలోనే గాలి లోపలికి రావాలి, లేదా పొగ బయటికి పోవాలి. పైగా పొగ వాల్వు పూర్తిగా మూసుకోకముందే గాలి వాల్వు తెరుచుకోవడం మొదలవుతుంది. ఆ సమయానికి పిస్టను ఎక్కడుంటుంది? సరిగ్గా పైకొసన, వాల్వుల ముఖంలో ముఖం పెట్టి. చాలా ఇంజన్లలో ఆ రెంటికీ మధ్య దూరం మిల్లీమీటర్లలోనే. లంకె సరిగా ఉన్నంతకాలం ఒకటి వచ్చేసరికి రెండోది తప్పుకుంటుంది. లంకె తెగితే క్యామ్ ఆగిపోయి, తెరిచిన వాల్వు తెరిచినట్టే ఉండిపోతుంది. బండి ఊపులో ఉంది కాబట్టి క్రాంక్ మాత్రం ఆగదు. పిస్టను వచ్చి వాల్వుని గుద్దుతుంది.

ఈ లంకెకి మూడు దారులున్నాయి. పళ్ళ చక్రాలు, గొలుసు, పళ్ళున్న రబ్బరు పట్టీ. మన వాడుకలో గేర్లు, చైను, బెల్టు. ఏది మంచిదని వాదించుకునేవాళ్ళని చాలామందిని చూశాను. నేను పుట్టిపెరిగిన ఊరు నాకు వేరే ప్రశ్న నేర్పింది. పాడైపోతున్నప్పుడు ఆ సంగతి ఏది చెబుతుంది, ఏది చెప్పదు?

ఖరగ్‌పూర్ చెవులతో బతికిన ఊరు. 1902లో తూర్పు తీర రైల్వే ఉత్తర భాగం, కటక్ నుంచి వాల్తేరు దాకా, బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికొచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకీ, ఖరగ్‌పూర్‌లోని కొత్త వర్క్‌షాపుకీ మధ్య ఒకే కంపెనీ రైలు నడిచింది. ఆ రైలెక్కి వచ్చినవాళ్ళ మనవలమే ఇవాళ మథురాకాటీ, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ వీధుల్లో తెలుగు మాట్లాడుతున్నాం. మా తాతయ్య పలాస దగ్గరి పల్లెనుంచి వచ్చి స్టీము ఇంజన్ల మీద పనిచేశాడు. చదువు లేదు. కానీ ఇంజను కనబడక ముందే దాని నడక విని వాల్వు సెట్టింగు తప్పిందో లేదో చెప్పేవాడట.

అందులో మాయేమీ లేదు. రెండు సిలిండర్ల స్టీము ఇంజనులో ఆవిరి పిస్టనుకి రెండు వైపులా పనిచేస్తుంది. అందుకని చక్రం ఒక చుట్టు తిరిగేసరికి చిమ్నీలోంచి నాలుగు భుస్సులు రావాలి, నాలుగూ సమానమైన ఎడంతో, సమానమైన బలంతో. ఆవిరిని ఎప్పుడు లోపలికి వదలాలో, ఎప్పుడు ఆపాలో చూసేవి చక్రాల పక్కన ఊగే కడ్డీలు. బెల్జియం మెకానిక్ ఎజీద్ వాల్షార్ట్స్ 1844లో కనిపెట్టిన అమరిక ప్రపంచమంతా వ్యాపించి, మన దేశపు ఇంజన్ల మీదికీ వచ్చింది. ఆ కడ్డీల కీళ్ళు అరిగితే, కొలత కాస్త అటూ ఇటూ అయితే, భుస్సుల ఎడం మారిపోతుంది. మూడు బలంగా, ఒకటి నీరసంగా వినబడుతుంది. 'ఇంజను కుంటుతోంది' అనేవారట. కారులో క్యామ్ చేసే పనే అది. కాకపోతే అది ఊరంతా వినేలా బయటే జరిగేది.

బెంగాల్ నాగపూర్ రైల్వేకి గ్యారెట్ అనే భారీ ఇంజన్లుండేవి. ఒకే బాయిలరు కింద ముందొక ఇంజను, వెనకొక ఇంజను. ఆ రెంటినీ కలిపే గేరు గానీ గొలుసు గానీ ఏదీ లేదు. అవి దేనికది తిరుగుతాయి. ఒకవైపు చక్రాలు కొద్దిగా జారితే చాలు, రెండింటి భుస్సులూ కలిసిపోయి నాలుగుగా వినబడేవి కాస్తా విడిపోయి ఎనిమిదవుతాయి. కాసేపటికి మళ్ళీ కలుస్తాయి. 2006లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఒక పాత గ్యారెట్‌ని మళ్ళీ ఆవిరి మీద నడిచేలా చేశారు. రెండు ఇంజన్లు లంకె లేకుండా తిరిగినా గ్యారెట్‌లో నష్టం లేదు, ఒకదానికొకటి తగలవు కాబట్టి. కారు ఇంజనులో క్రాంక్‌కీ క్యామ్‌కీ ఆ స్వేచ్ఛ ఒక్క చుట్టు కూడా ఇవ్వలేం.

తర్వాత డీజిల్ వచ్చింది, మా నాన్న కాలం. డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు 1962లో మొదట అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి వచ్చాయి. ఆ తర్వాత వారణాసిలో తయారయ్యాయి. పదహారు సిలిండర్లు, వీ అక్షరంలా రెండు వరసల్లో. ఒక్కో సిలిండరు లోపలి అడ్డం 228.6 మిల్లీమీటర్లు, మధ్యరకం స్టీలు బిందె మూతంత. పిస్టను ప్రయాణం 266.7 మిల్లీమీటర్లు. 2600 అశ్వశక్తి. అంతా చేసి నిమిషానికి 1000 చుట్లకి మించి తిరగదు. ఒక్కో వరసకి ఒక్కో క్యామ్‌షాఫ్టు. వాటిని తిప్పేవి గేర్లు. చైను లేదు, బెల్టు మాట అసలే లేదు.

ఎందుకంటే ఆ క్యామ్‌షాఫ్టు వాల్వుల్ని మాత్రమే తెరవదు. సిలిండరుకొకటి చొప్పున ఉన్న ఇంధన పంపుల్ని కూడా అదే నొక్కుతుంది. డీజిలుని సన్నని రంధ్రాల్లోంచి తుంపరగా చిమ్మాలంటే భారీ ఒత్తిడి కావాలి. ప్రతి చిమ్ముకీ క్యామ్‌షాఫ్టు మీద ఒక సుత్తిదెబ్బ పడినట్టే. ఆ దెబ్బలకి బెల్టు తాళదు, చైను తొందరగా అరుగుతుంది. ఉక్కు పళ్ళు మాత్రం ఓర్చుకుంటాయి. లారీ ఇంజన్లలో ఈనాటికీ ఎక్కువగా గేర్లే ఉండడానికి కూడా ఇదే ముఖ్య కారణం.

గేర్లు అమర్చేటప్పుడు తాము చేసే పని ఒకటి నాన్న నాకు ఎంతో ఇష్టంగా చెప్పేవాడు. పంటికి పల్చగా నీలిరంగు ముద్ద రాసి, చేత్తో తిప్పి, రెండో చక్రం పళ్ళ మీద ఆ రంగు ఎక్కడ అంటిందో చూసేవారు. పంటి నడుమ కోలగా అంటితే సరిగ్గా కూర్చున్నట్టు. ఒక అంచునే అంటితే చక్రం వాలి ఉన్నట్టు. తర్వాత రెండు పళ్ళ మధ్య సందు కొలిచేవారు. దాన్ని ప్లే అంటారు. అసలు సందే లేకపోతే, ఇంజను వేడెక్కి ఉక్కు వ్యాకోచించినప్పుడు పళ్ళు బిగుసుకుపోతాయి. మరీ ఎక్కువుంటే దడదడ కొట్టుకుంటాయి.

ఆ దడదడ ఎక్కణ్ణించి వస్తుందంటే, క్యామ్‌షాఫ్టుని తిప్పడం బావి చక్రాన్ని తిప్పినట్టు ఒకే బరువుతో సాగేది కాదు. బొడిపె ఎక్కేటప్పుడు స్ప్రింగు అడ్డుపడుతుంది. బొడిపె దిగేటప్పుడు అదే స్ప్రింగు వెనకనుంచి తోస్తుంది. తిప్పే పన్ను ఒక క్షణం లాగుతుంది, మరుక్షణం అవతలి పన్ను దాన్నే తోస్తుంది. సందులో పళ్ళు ఇటు కొట్టుకుంటాయి, అటు కొట్టుకుంటాయి. పళ్ళని ఏటవాలుగా కోస్తే ఒక పన్ను విడవకముందే రెండోది అందుకుంటుంది కాబట్టి మోత తగ్గుతుంది. కొన్ని ఇంజన్లలో ఒకే గేరుని మందంలో రెండు బిళ్ళలుగా చీల్చి, వాటి మధ్య స్ప్రింగు పెడతారు. ఒక బిళ్ళ పళ్ళు ముందుకీ, రెండో బిళ్ళ పళ్ళు వెనక్కీ ఒత్తుకుని ఎదుటి పంటిని కత్తెరలా పట్టుకుంటాయి. ఎంత చేసినా గేర్లు కాస్త పాడుతూనే ఉంటాయి. అరిగే కొద్దీ ఆ పాట మారుతుంది. పని తెలిసిన చెవికి నెలల ముందే కబురు అందుతుంది.

పాత బుల్లెట్ నడిపినవాళ్ళకి ఈ సంగతి అనుభవమే. కుడివైపు మూత విప్పితే క్రాంక్ చివరనున్న చిన్న పినియను, దాని మీద రెండు క్యామ్ గేర్లు, ఇంకా వెనక్కి పోయే గేర్ల వరస, గోడగడియారం వెనక తలుపు తీసినట్టు కనిపిస్తాయి. గేర్ల మీద గుర్తుగా ఉన్న చుక్కకి చుక్క కలిపి బిగించాలి. ఒక్క పన్ను తప్పితే బండి కిక్కుకి లేవదు. అదే బుల్లెట్ 2023లో కొత్త ఇంజనుతో వచ్చేసరికి క్యామ్ పైకి, హెడ్డులోకి వెళ్ళిపోయింది, గేర్ల బదులు చైను వచ్చింది.

కార్లు గేర్లని ఎందుకు వదిలేశాయో అందులోనే ఉంది. క్యామ్ కింద, క్రాంక్ పక్కనే ఉంటే రెండు గేర్లు చాలు. కానీ అప్పుడు వాల్వులు తెరవడానికి పొడవాటి పుష్‌రాడ్లు కావాలి. ఆ కడ్డీల బరువు అటూ ఇటూ ఊగుతుంటే ఇంజను 5000, 6000 చుట్ల దాకా హాయిగా తిరగదు. వేగం కోసం క్యామ్‌ని వాల్వుల నెత్తినే పెట్టారు. ఇప్పుడు క్రాంక్‌కీ క్యామ్‌కీ మధ్య జానెడు కన్నా ఎక్కువ దూరం. అది నింపాలంటే గేరు మీద గేరు పేర్చాలి. బరువు, ఖర్చు, మోత అన్నీ పెరుగుతాయి. పైగా అల్యూమినియం వేడికి బాగా పెరుగుతుంది. 400 మిల్లీమీటర్ల ఎత్తున్న ఇంజను 80 డిగ్రీలు వేడెక్కితే సుమారు ముప్పావు మిల్లీమీటరు పొడుగవుతుంది. గేర్ల సందుకి అది చాలా పెద్ద అంకె. గొలుసుకైతే దాని వదులుని నొక్కిపట్టే టెన్షనరు ఒకటి పెట్టి సర్దుకోవచ్చు.

గొలుసు సంగతి అందరికీ సైకిలు దగ్గరే తెలుసు. స్విట్జర్లాండ్‌లో పుట్టి మాంచెస్టరులో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో ఈనాటి రోలర్ చైనుకి రూపమిచ్చాడు. మా బెంగాల్‌లోనే, ఉత్తర్‌పాడాలో తయారైన అంబాసిడర్ కారులో చాలాకాలం ఉన్న 1489 సీసీ ఇంగ్లీషు ఇంజనులో ఆ చైనే. 2014లో అంబాసిడర్ ఆగిపోయే దాకా ఖరగ్‌పూర్ స్టేషను బయట ఆ టాక్సీల వరస నాకు గుర్తే. ఎంత తిరిగిన బండైనా చైను మోతతోనే డ్రైవర్లు సర్దుకుపోయేవారు.

'చైను సాగిపోయింది' అంటాం. నిజానికి ఉక్కు సాగదు. చైనులో ప్రతి కీలులో ఒక పిన్నూ, దాని చుట్టూ ఒక బుష్షూ ఉంటాయి. అవి ఒకదాన్నొకటి ఒరుసుకుని వెంట్రుకవాసిలో సగం అరుగుతాయి. ఒక్క కీలులో అయితే అది లెక్కలోకి రాదు. వంద కీళ్ళలో కలిస్తే చైను మిల్లీమీటర్ల కొద్దీ పొడుగవుతుంది. దాని ఫలితం లెక్క కట్టి చూద్దాం. చైను లింకు పొడవు 9.525 మిల్లీమీటర్లు, క్యామ్ చక్రానికి 40 పళ్ళు అనుకుంటే చక్రం చుట్టుకొలత 381 మిల్లీమీటర్లు. క్రాంక్ లాగే వైపున చైను ఒక్క మిల్లీమీటరు పెరిగితే క్యామ్ దాదాపు ఒక డిగ్రీ వెనకబడుతుంది. క్రాంక్ లెక్కలో రెండు డిగ్రీలు. మూడు మిల్లీమీటర్లు పెరిగితే ఆరు డిగ్రీలు. బండి పికప్ తగ్గుతుంది, మైలేజి పడిపోతుంది, పొద్దున్నే స్టార్ట్ అవడానికి మొరాయిస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. టెన్షనరు ఉందిగా, అదే సర్దుతుంది అనుకుంటారు. టెన్షనరు నొక్కేది వదులుగా ఉన్న వైపుని. అది వదులుని దాస్తుంది, చైను కొట్టుకోకుండా చూస్తుంది. బిగువుగా ఉన్న వైపు పెరిగిన పొడవుని తగ్గించడం దాని చేతిలో లేదు. మోత లేదు కాబట్టి టైమింగ్ సరిగ్గా ఉందనుకోకూడదు. కొత్త కార్లలో క్రాంక్ దగ్గరొకటి, క్యామ్ దగ్గరొకటి సెన్సార్లుంటాయి. రెంటి మధ్య తేడా హద్దు దాటితే కంప్యూటరు చెక్ ఇంజన్ లైటు వెలిగిస్తుంది.

చైను బతుకంతా ఆయిలు మీదే ఆధారపడి ఉంది. పిన్నుకీ బుష్షుకీ మధ్య ఉండేది ఇంజను ఆయిలే, చాలా కార్లలో టెన్షనరుని లోపలినుంచి తోసేదీ ఆయిలు ఒత్తిడే. రాత్రంతా నిలబడిన బండిలో ఆయిలు కిందకి దిగిపోతుంది. పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే ఒత్తిడి మళ్ళీ ఎక్కేదాకా చైను వదులుగా ఊగి కవరుని, గైడ్లని తాకుతుంది. నా కారు గరగర అదే. ఆయిలు మార్చడం 10,000 కిలోమీటర్ల నుంచి 15,000కి వాయిదా వేసేవాళ్ళు అయిదొందలో వెయ్యో మిగిలిందనుకుంటారు. మడ్డి పట్టిన ఆయిలు ప్రతి కీలులోనూ సన్నటి ఆకురాయిలా పనిచేస్తుంది. 'చైను బండి, జీవితాంతం చూడక్కర్లేదు' అని అమ్మేవాళ్ళు చెప్పే మాటని నేను నమ్మను. ఆయిలు వేళకి మార్చేవాడికే ఆ మాట వర్తిస్తుంది.

ఇక బెల్టు. దీని పుట్టుక ముచ్చటైనది. 1940ల్లో అమెరికాలో కుట్టుమిషన్ల కోసం పళ్ళున్న రబ్బరు బెల్టు తయారుచేశారు. సూది పైనుంచి దిగే వేళకి కింద బాబిన్ దగ్గర కొక్కెం సరిగ్గా అక్కడుండాలి, లేకపోతే కుట్టు పడదు. మామూలు బెల్టు జారుతుంది, పళ్ళ బెల్టు జారదు. కుట్టుమిషన్లో సూదికీ కొక్కేనికీ ఉన్న బంధమే ఇంజనులో వాల్వుకీ పిస్టనుకీ ఉంది. 1960ల మొదట్లో జర్మనీలో గ్లాస్ అనే చిన్న కంపెనీ తన 1004 కారులో క్యామ్‌ని ఇలాంటి బెల్టుతో తిప్పింది. అక్కణ్ణించి ప్రపంచమంతా పాకింది. మన దేశంలో 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 లోని 796 సీసీ ఇంజనులోనూ బెల్టే. అంబాసిడర్ మోతకి అలవాటుపడిన చెవులకి ఆ మారుతి నిశ్శబ్దం కొత్త. ఇంజను తిరుగుతోందో లేదో తెలీక మళ్ళీ తాళం తిప్పేవాళ్ళని మా వీధిలోనే చూశాను.

బెల్టుని చేత్తో పట్టుకుంటే నల్ల రబ్బరే కనిపిస్తుంది గానీ బలమంతా లోపలుంది. పొడవునా పరిచిన గాజునూలు తాళ్ళు దానికి వెన్నెముక. గాజు సాగదు, అందుకే టైమింగ్ జరగదు. పళ్ళ మీద నైలాను గుడ్డ తొడుగు అరుగుదలని కాస్తుంది. ఆయిలు అక్కర్లేదు, తేలిక, చవక, చప్పుడు లేదు. కానీ గాజునూలుకి ఒక బలహీనత ఉంది. లాగితే ఓర్చుకుంటుంది, మడిస్తే విరుగుతుంది. కొత్త బెల్టుని చిన్న చుట్టగా మెలిపెట్టినా లోపల పోగులు చిట్లుతాయి, పైకి ఏమీ కనబడదు. గ్యారేజీలో మెకానిక్ బెల్టుని మేకుకి తగిలించకుండా పెట్టెలోంచి తిన్నగా ఇంజను మీదికే తీసుకెళ్ళడం చూస్తే, అతనికి పని తెలుసని అర్థం.

బెల్టు అలసటని ఇలా ఊహించుకోవచ్చు. కిలోమీటరుకి క్రాంక్ సుమారు 1800 చుట్లు తిరుగుతుందనుకుందాం. క్రాంక్ చక్రానికి 20 పళ్ళు, బెల్టుకి 120 పళ్ళు ఉంటే, క్రాంక్ ఆరు చుట్లు తిరిగితే బెల్టు ఒక ప్రదక్షిణం పూర్తిచేస్తుంది. 60,000 కిలోమీటర్లకి అవి ఒక కోటీ ఎనభై లక్షల ప్రదక్షిణాలు. ప్రతి ప్రదక్షిణంలో ప్రతి పన్నూ చక్రం చక్రానికీ వంగి, మళ్ళీ తిన్నగా అవ్వాలి. అందుకే కంపెనీలు ఇన్ని కిలోమీటర్లకి, లేదా ఇన్ని ఏళ్ళకి, ఏది ముందైతే అప్పుడు బెల్టు మార్చమని మాన్యువల్లో రాస్తాయి. ఏళ్ళ లెక్కని ఎవరూ పట్టించుకోరు. తక్కువ తిరిగిన బండిలో కూడా వేడికీ గాలికీ రబ్బరు ముసలిదవుతుంది.

మా కథకి వస్తాను. అప్పుడు మాది చేతులు మారిన ఒక డీజిలు కారు, తొమ్మిదేళ్ళ బండి. అమ్మినాయన బెల్టు మార్పించానన్నాడు. కాగితం ఏదీ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. డిసెంబరులో పలాసలో పెళ్ళికని నాన్నా నేనూ రాత్రి బయల్దేరాం. ఖరగ్‌పూర్ నుంచి శ్రీకాకుళం దాకా ఒకటే రోడ్డు, పదహారో నంబరు జాతీయ రహదారి. జలేశ్వర్ దాటాక, డెబ్భైలో పోతుండగా ఇంజను ఆగిపోయింది. ముందు గరగర లేదు, కుదుపు లేదు, పొగ లేదు. మాట్లాడుతున్న మనిషి మాట మధ్యలో ఆగిపోయినట్టు, అంతే. పక్కకి తీసి తాళం తిప్పాను. స్టార్టరు తిరిగింది, కానీ ఎప్పుడూ వినే చప్పుడు కాదు. మామూలుగా స్టార్టరు మోతలో ఎత్తుపల్లాలుంటాయి, ఒక్కో సిలిండరులో గాలి నొక్కుకునే చోట బరువెక్కుతుంది. ఇది బరువే లేనట్టు, మిక్సీ వట్టిగా తిరిగినట్టు, ఒకే సుర్రుమనే మోత. రెండోసారి తిప్పబోతే నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దురా. కంప్రెషను లేదు. బెల్టు పోయింది. తిప్పితే ఇంకా వంగుతాయి," అన్నాడు.

మర్నాడు బండిని లాగించుకొచ్చి అదే గ్యారేజీలో విప్పించాం. కవరు తియ్యగానే ఆయిలు వాసన. బెల్టు తెగలేదు. క్రాంక్ చక్రం దగ్గర జానెడు పొడవున పళ్ళు రాలిపోయి నున్నగా ఉంది. రాలిన పళ్ళు చక్రం అడుగున బియ్యంలో నల్లరాళ్ళలా పడున్నాయి. క్రాంక్ ముందరి ఆయిలు సీలు కారి, ఎన్ని నెలలనుంచో బెల్టు ఆ ఆయిల్లో నానుతోంది. అంచున గాజునూలు పోగులు తెల్లగా, ముసలి కనుబొమ్మల్లా బయటికొచ్చాయి. హెడ్డు విప్పాక మెకానిక్ వాల్వుల్ని ఒక్కొక్కటే అద్దం పలక మీద దొర్లించాడు. తిన్నని వాల్వు నిశ్శబ్దంగా దొర్లుతుంది. వంగినది టకటకమని తల ఊపుతూ పోతుంది. ఎనిమిదింటిలో ఆరు తలూపాయి. బెల్టు ఖర్చుకి ఎన్నో రెట్లు పోశాం.

ఆ పలక ముందు కూర్చుని నాన్న చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ముప్పై అయిదేళ్ళు ఇంజన్లు విన్నాను. ఇది వినడానికి ఏమీ ఇవ్వలేదు," అన్నాడు. అందులోని బాధ నాకప్పుడు పూర్తిగా అర్థం కాలేదు.

ఈ మధ్య ఇంకో రకం వచ్చింది, ఇంజను ఆయిల్లోనే మునిగి తిరిగే బెల్టు. ఫోర్డ్ ఒక లీటరు ఎకోబూస్ట్ ఇంజనులో అది ఉంది, మన దగ్గరికి ఎకోస్పోర్ట్ కారులో వచ్చింది. రాపిడి తగ్గి ఇంధనం ఆదా అవుతుందని ఆలోచన. ప్రత్యేకమైన ఆయిలే వాడాలి, వేళకి మార్చాలి. లేకపోతే రబ్బరు పొడై ఆయిలు పంపు జల్లెడని మూసేస్తుంది. అప్పుడు పోయేది వాల్వులే కాదు, ఇంజనంతా. తర్వాత వచ్చిన రూపాల్లో ఆ ఇంజను చైనుకి మారింది.

కారు కొనేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది తమ ఇంజను ఏ రకమో. మారుతి కె-సీరీస్ పెట్రోలు ఇంజన్లలో చైను. పాత స్విఫ్ట్ డీజిల్లోని 1.3 లీటర్ల ఇంజనులోనూ చైనే. తొలి శాంత్రో, ఇండికా డీజిలు, డస్టర్ 1.5 డీజిలు బెల్టు బండ్లు. ఒకే పేరుతో అమ్మే కారులో పెట్రోలుకి ఒకటి, డీజిలుకి ఒకటి ఉండొచ్చు కాబట్టి మాన్యువల్ చూడాలి. బెల్టు మార్చేటప్పుడు టెన్షనరూ, ఆ బెల్టే తిప్పే వాటర్ పంపు ఉంటే అదీ, కారుతున్న సీలూ కలిపి మార్పించాలి. పంపు రెండేళ్ళకి బిగుసుకుంటే కొత్త బెల్టుని కూడా తనతో తీసుకుపోతుంది. ఆయిలు వేళకి మార్చే అలవాటున్నవాళ్ళకి నేను చైనే చెబుతాను. బెల్టు చెడ్డదని కాదు. దాని దగ్గర చెవి పనికిరాదు, తేదీ ఒక్కటే పనికొస్తుంది. మన ఇళ్ళలో తేదీలు రాసిపెట్టుకునే అలవాటు తక్కువ.

రైల్వేకి ఆ అలవాటు ఉంది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద ఏ పెట్టె చివరి గోడ చూసినా తెల్లరంగుతో అచ్చు కొట్టిన అంకెలుంటాయి. పెద్ద మరమ్మతు ఎప్పుడైందో, ఏ వర్క్‌షాపులో అయిందో, మళ్ళీ ఎప్పటికి రావాలో. ఆ పెట్టె బాగానే పరిగెడుతున్నా, ఏ చప్పుడూ చెయ్యకపోయినా, ఆ తేదీకి వర్క్‌షాపుకి వచ్చి తీరాలి. చిన్నప్పుడు ప్లాట్‌ఫారం మీద నడుస్తూ నాన్న నాకు తెలుగు అంకెల కన్నా ముందు వాటినే చదివించాడు.

ఆ కారుకి కొత్త బెల్టు వేసి, చుక్కకి చుక్క కలిపి, చేత్తో రెండు చుట్లు తిప్పి చూసి, మెకానిక్ కవరు బిగించబోతుంటే నాన్న ఆగమన్నాడు. ఇంటికెళ్ళి చిన్న డబ్బాలో తెల్లరంగు, సన్న కుంచె తెచ్చాడు. కవరుని కిరోసిను గుడ్డతో తుడిచి, నల్ల ప్లాస్టిక్ మీద పెట్టె గోడ మీద రాసినట్టే మూడు వరసలు రాశాడు. బెల్టు వేసిన తేదీ. మీటరు మీది అంకె. కింద, కాస్త పెద్దగా, మళ్ళీ రావాల్సిన తేదీ.

"మావయ్యా, ఎండడానికి అరగంట పట్టుద్ది," అన్నాడు మెకానిక్.

"ఎండనీ," అని నాన్న స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.